మేనబావ నెత్తురు

నీలకంఠానికి కడుపుమంట పుట్టుకతోనే వచ్చిందని వాళ్ళమ్మ దేముడమ్మే చెప్పేది. పాలు తాగే వయసులో పక్కింటి పిల్లకి వాళ్ళమ్మ పాలు పడుతుంటే వీడు తాగుతున్నది వదిలేసి ఆ పిల్లకేసి చూసి గుక్కపట్టేవాడట. పెద్దయ్యాక పాలు మానేడు గానీ ఆ చూపు మానలేదు. మనిషి చెడ్డవాడా అంటే కాదు బాబూ! పోర్టులో, ఔటర్ హార్బర్లో ఓడల్లోకి ఇనపరాయి ఎత్తే బెల్టు దగ్గర పని. తాగుడు లేదు, పేకాట లేదు. సాయంత్రం ఎర్రదుమ్ము కొట్టుకున్న ఒంటితో తిన్నగా ఇంటికొచ్చేవాడు. పోర్టులో ఎవడికి దెబ్బ తగిలినా పెద్దాసుపత్రికి పరిగెత్తి రక్తం ఇచ్చేది వీడే. ఇచ్చేక ఓ పదిమందికి చెప్పుకునేవాడనుకోండి, అది వేరే సంగతి. ఇంత మంచివాడికి ఉన్నది ఒక్కటే జబ్బు. పక్కవాడి విస్తట్లో ఏం పడిందో చూడకుండా తన విస్తట్లోది మింగలేడు.

ఆ పక్కవాళ్ళందరిలోకీ వాడి కంట్లో నలుసై కూర్చున్నవాడు కొండలరావు. పరాయివాడేం కాదు. నీలకంఠానికి సొంత మేనమామ కొడుకు, పెళ్ళాం చిలకమ్మకి అన్న. అంటే ఎటు తిప్పి చూసినా బావే. వాళ్ళిళ్ళల్లో పై సంబంధం చేసుకున్నవాడు లేడు. ఆ మేనమామా మేనరికమే చేసుకున్నాడు, నీలకంఠమూ మేనరికమే చేసుకున్నాడు. చిలకమ్మ పెళ్ళికి ముందు ఎలా పిలిచేదో పెళ్ళయ్యాకా అలాగే "బావా" అని పిలిచేది. కొండలరావునీ నీలకంఠం "బావా" అనేవాడు, కాకపోతే ఆ మాట పళ్ళ సందులోంచి వచ్చేది.

స్టీలు ప్లాంటు కోసమని కూర్మన్నపాలెం అవతల ఊళ్ళకి ఊళ్ళు తీసుకున్నప్పుడు కొండలరావు ఊరు పోయింది. ఇల్లు, కళ్ళం, తాటితోపు, అన్నీ పోయేయి. ఊరు పోయినందుకు ప్లాంటు స్టోర్సులో ఉద్యోగం ఇచ్చేరు, కూర్మన్నపాలెం జంక్షన్ దగ్గర ఇంటిజాగా ఇచ్చేరు. నీలకంఠం వాళ్ళది పరవాడ పక్క ఊరు. ప్లాంటు హద్దు అక్కడిదాకా రాలేదు. ఊరు పోయినవాణ్ణి చూసి లోకం జాలిపడుతుంది, ఎవడైనా కుళ్ళుకుంటాడా? మనవాడు కుళ్ళుకున్నాడు. మల్కాపురంలో అద్దింటి అరుగు మీద కూర్చుని, "మా ఊరుకేటి తక్కువ? ఆళ్ళ ఊరు ఒట్టుకున్నోళ్ళు మా ఊరెందుకు ఒట్టుకోనేదు?" అని పెళ్ళాం మీద విరుచుకుపడేవాడు.

చిలకమ్మ పకపకా నవ్వేది. "మీ ఊరు కూడా పోవాలేటి బావా? మరి మీ అమ్మ యాడుంటాది?" అనేది. చిలకమ్మ నవ్వు చూడ్డానికి బాగుండేది. ఆ నవ్వు కోసమే నీలకంఠం దాన్ని చేసుకున్నాడు. అయితే కొండలరావు ఆదివారం పూట ఓ పనసకాయో, గంపెడు మామిడికాయలో పట్టుకుని గుమ్మంలో నిలబడితే ఆ నవ్వు ఇంకో రెండింతలు అయ్యేది. అమ్మానాన్నా పోయాక చెల్లెల్ని పెంచింది ఆ అన్నే. అది తెలిసినా నీలకంఠానికి కడుపు రగిలిపోయేది. "ఇంట్లో కూర నేదని కబురెట్టినావేటి మీ అన్నకి?" అని అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. తరవాత ఎవరూ చూడకుండా పనసతొనలు తినేవాడు, అది కూడా నిజమే.

డెబ్భై ఎనిమిదిలో కూతురు గౌరి పుట్టింది. ఏడాది తిరిగేక సింహాచలంలో పుట్టెంట్రుకలు తీయించేరు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి తీయించాలని దేముడమ్మ పిల్లని కొండలరావు ఒడిలో పెట్టింది. అనాదిగా వస్తున్న పద్ధతి, కొత్తగా ఎవరూ పెట్టింది కాదు. నీలకంఠం మాత్రం మెట్ల పక్కకి వెళ్ళి మొహం తిప్పుకు నిలబడ్డాడు. "కన్నోణ్ణి నాను. ఒడి ఆడిదా?" అని తల్లిని అడిగేడు. దేముడమ్మ నెత్తి బాదుకుంది.

అక్కడిదాకా ఉత్త ఏడుపు. అసలు గొడవ రెండో కాన్పులో వచ్చింది. మగపిల్లాడు పుట్టేడు. ఆ రోజు ఓడ నిండాల్సి ఉండి నీలకంఠం డ్యూటీ దిగలేకపోయేడు. వాడికంటే ముందు కొండలరావు ఆసుపత్రికి వెళ్ళేడు. మేనల్లుణ్ణి చేతుల్లోకి తీసుకుని వసారా అంతా తిరిగి అందరికీ చూపించేడు. నీలకంఠం ఎర్రదుమ్ముతో పరిగెత్తుకు వచ్చేసరికి ఎదురెళ్ళి, "సూడు బావా, ఏటి రంగు! బంగారం. బంగారం ముద్ద పుట్టినాడు నీకు!" అన్నాడు. పిల్లాడు నిజంగానే పసుపు రాసినట్టున్నాడు. ఇంట్లోవాళ్ళంతా అదే రంగు చూసి మురిసిపోయేరు. మర్నాటికి ఆ పసుపు ఇంకా ముదిరింది, పాలు తాగడం మానేశాడు, పోయేడు.

పిల్లాణ్ణి పూడ్చి వచ్చి కాళ్ళు కడుక్కోకుండానే నీలకంఠం కొండలరావు ఎదురుగా నిలబడ్డాడు. "బంగారం అన్నావు. నాను సూడకముందే నువ్వు సూసినావు. నీ కన్ను పడి సచ్చిపోనాడు నా కొడుకు. ఇంక ఈ గుమ్మం తొక్కకు." నోటికొచ్చిన మాట కాదది. ఎన్నేళ్ళనుంచో కడుపులో నానుతున్న మాట. కొండలరావు చిలకమ్మకేసి ఒకసారి చూసి, చటుక్కున చూపు దించేసుకుని, వెళ్ళిపోయేడు. మళ్ళీ రాలేదు.

మూడో కాన్పు ఎనిమిదో నెలలోనే పోయింది. బిడ్డ ఒళ్ళంతా నీరు పట్టి, ప్రాణం లేకుండా పుట్టింది. ఈసారి కొండలరావు ఆ చుట్టుపక్కల లేడు కదా, మరి ఎవరి కన్ను? నీలకంఠం దానికీ జవాబు వెతుక్కున్నాడు. "రాకపోతేనేటి? కూర్మన్నపాలెంలో కూకుని కూడా ఏడుస్తన్నాడు ఆడు" అన్నాడు. చిలకమ్మ ఏడవలేదు, వాదించలేదు. ఆ రోజునుంచి ఇంట్లో "మా అన్న" అన్న మాట ఎత్తడం మానేసింది. నవ్వడమూ చాలావరకు మానేసింది. సిగ్గు లేకుండా చెప్పాలంటే నీలకంఠానికి మొదటిది మాత్రమే కనపడింది. గెలిచేననుకున్నాడు వెధవ.

ఎనభై నాలుగులో చిలకమ్మ మళ్ళీ నీళ్ళోసుకుంది. ఈసారి నీలకంఠానికి నిజంగా భయం వేసింది. పెద్దాసుపత్రిలో కాంతం గారని ఓ డాక్టరమ్మ ఉండేది. గోదావరి జిల్లా మనిషి, నిదానంగా మాట్లాడేది. పోయిన కాన్పుల సంగతంతా విని, చిలకమ్మ కళ్ళ కింద రెప్పలు లాగి చూసి, "రక్తం బాగా తక్కువగా ఉంది. కాన్పు నాటికి ఓ సీసా సిద్ధంగా పెట్టుకోవాలి. గ్రూపు ఓ పాజిటివ్, దొరక్కపోవడం ఉండదులే" అంది.

నీలకంఠం మొహం చాటంత అయింది. "నాదీ ఓ పాజిటివేనమ్మా! ఎందుకవ్వదు? ఇది నా మేనమామ కూతురు. మాది ఒకటే నెత్తురు. ఎంత కావాలంటే అంత లాగండి!" అని అప్పుడే చొక్కా చెయ్యి మడిచేశాడు.

రక్తం బ్యాంకులో పనిచేసే వీర్రాజుకి నీలకంఠం పాత కాపు, చుట్టం కాకపోయినా వరస కలిపి పిలిచేవాడు. "రా బావా, ఈసారి సొంతానికేటి?" అని నవ్వుతూ ఓ చుక్క తీసేడు. ఎక్కించే ముందు ఇద్దరి రక్తాలూ కలిపి చూడాలి, అది పద్ధతి. చిలకమ్మ రక్తం మీద తేరిన నీటిలో నీలకంఠం రక్తం కలిపేడు. నీలకంఠం పక్కనే నిలబడి చూస్తున్నాడు. ఎర్రగా కలవాల్సింది కాస్తా పాలు విరిగినట్టు పలుకులు పలుకులుగా విరిగిపోయింది. వీర్రాజు నవ్వు ఆగిపోయింది. మళ్ళీ కలిపేడు. మళ్ళీ విరిగింది. ఫ్రిజ్జులోంచి ఇంకో సీసాలోది తీసి కలిపేడు, ఇంకోటి, నెగటివ్‌వి కూడా తీసేడు. అన్నీ విరిగేయి.

"ఇదేటి బావా, ఏ నెత్తురూ పడ్డం నేదు ఈ మనిషికి" అన్నాడు వీర్రాజు.

నీలకంఠం చెవికి ఆ మాట సగమే ఎక్కింది. తనది పడలేదు. "పోర్టు పోర్టంతా నా నెత్తురు ఎక్కించుకుని తిరుగుతన్నారు. నా పెళ్ళానికి పనికిరాదా? నీ గాజుగొట్టం సరిగ్గా కడగనేదేటి నువ్వు?" అని వీర్రాజు మీద ఎగిరేడు.

డాక్టరమ్మ చిలకమ్మ రక్తం బొంబాయిలో పెద్ద లేబొరేటరీకి పంపించింది. కొన్ని వారాలకి జవాబొచ్చింది. నీలకంఠాన్ని కూర్చోబెట్టి చెప్పింది. "చూడు నీలకంఠం, మన రక్తకణాల మీద గుర్తులుంటాయి. పాజిటివ్ అనేది అందులో ఒక్క గుర్తు, దాన్ని డి అంటాం. దాని పక్కన ఇంకో నాలుగు రకాల గుర్తులుంటాయి. ఏ మనిషికైనా ఆ నాలుగింట్లో కనీసం రెండుంటాయి. మీ ఆవిడకి డి ఉంది, పక్కన ఒక్కటీ లేదు. గుర్తులు రాయాల్సిన చోట గీతలు పెడతారు. డి డాష్ డాష్ అంటారు ఈ రక్తాన్ని. లక్షల మందిలో ఒకరికి కూడా ఉండదు."

పోర్టు మనిషికి డాష్ అంటే ఒకటే అర్థం. లారీ ట్రాలీకి తగిలితే డాష్. "డాషేటమ్మా? నా పెళ్ళానికి ఎవుడు డాష్ ఇచ్చినాడు?" అని లేచి నిలబడ్డాడు. డాక్టరమ్మ నవ్వాపుకుని మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. ఆ గుర్తులు లేని ఒంటికి అవి ఉన్న రక్తం పరాయి రక్తం. కనపడితే విరిచేస్తుంది. అందుకే ఎవరి రక్తమూ పడటం లేదు.

నీలకంఠానికి ఆ 'పరాయి' దగ్గర ముల్లు గుచ్చుకుంది. "నాను పరాయోణ్ణేటమ్మా? మేనబావని!"

"మేనబావవైనా సరే. సొంత తోడబుట్టినవాళ్ళదయితే పడొచ్చు. ఇది తల్లి దగ్గరా తండ్రి దగ్గరా ఇద్దరి దగ్గరా దాగి ఉంటేనే బిడ్డకి ఇలా వస్తుంది. మీ ఇళ్ళల్లో మేనరికాలు కనక వచ్చింది. ఆ తల్లిదండ్రుల పిల్లల్లో నలుగురికి ఒకరి లెక్కన ఉండొచ్చు. చిలకమ్మకి అన్నదమ్ములు గానీ అక్కచెల్లెళ్ళు గానీ ఉన్నారా?"

కొండలరావు పేరు నీలకంఠం నాలుక చివరిదాకా వచ్చింది. వెంటనే ఇంకోటి కూడా కళ్ళముందుకొచ్చింది. కొండలరావు రొమ్ము విరుచుకుని ఈ ఆసుపత్రిలోకి రావడం, వాడి నెత్తురు సీసాలో వేలాడటం, చిలకమ్మ అటే చూస్తూ ఉండటం. ఊళ్ళో అందరూ 'మొగుడిది పడలేదుట, అన్నది పడిందిట' అనుకోవడం. నీలకంఠం గొంతు దానంతట అదే చెప్పేసింది.

"నేరమ్మా. ఎవులూ నేరు."

ఆడినమాట పెదవి దాటేసింది. వెనక్కి తీసుకోవచ్చు, ఒక్క క్షణం పట్టదు. తీసుకోలేదు. దానికి బదులు పోర్టుమీద పడ్డాడు. బెల్టు దగ్గర వాళ్ళనీ, క్రేన్ల వాళ్ళనీ, కలాసీలనీ రోజుకి కొందరిని రక్తం బ్యాంకుకి తోలుకొచ్చేడు. వీర్రాజు ఓపిగ్గా కలిపి చూసేవాడు. అందరిదీ విరిగిపోయేది. విరిగినప్పుడల్లా నీలకంఠానికి భయం వేసేది, దాంతోపాటు లోపలెక్కడో చిన్న తృప్తి కూడా కలిగేది. తనది పడనప్పుడు ఇంకెవడిదీ పడకూడదు కదా. ఛీ ఛీ, ఏం మనిషండీ! పెళ్ళాం ప్రాణం మీదకొస్తుంటే కూడా పక్క విస్తరే చూశాడు.

తొమ్మిదో నెల రాకముందే ఓ ఉదయం చిలకమ్మకి రక్తం పోవడం మొదలైంది. ఆసుపత్రిలో చేర్చేరు. మాయ కిందికి జారి అడ్డంగా ఉంది, రేపు ఆపరేషను చెయ్యక తప్పదంది డాక్టరమ్మ. ఆవిడ చిలకమ్మ మంచం పక్కన నిలబడి, పాలిపోయిన ఆ చెయ్యి పట్టుకుని, "తోడబుట్టినవాళ్ళు ఒక్కరున్నా బాగుండేదమ్మా నీకు. ఒక్కరైనా లేకపోయారు" అంది బాధగా.

చిలకమ్మ అటు తిరిగి నీలకంఠాన్ని చూసింది. "నాకు అన్న నేడని సెప్పినావా బావా?"

నీలకంఠం మంచం కింది చెంబు తీసి నీళ్ళు వంచబోయేడు.

"సచ్చిపోతాననుకున్నావా, బతుకుతాననుకున్నావా అలగ సెప్పినప్పుడు?"

"ఓలె, అది కాదే..."

"మరేటి? ఆడి నెత్తుటితో నాను బతకడం కంటే నీ పంతంతో సచ్చిపోవడం బాగుంటాదేటి నీకు?" గట్టిగా అరవడానికి ఒంట్లో సత్తువ లేదు దానికి, మెల్లిగానే అంది. పక్క మంచాలవాళ్ళు కూడా వింటున్నారు. "ఎవుళ్ళనీ పంపకు. నువ్వే ఎల్లు. ఎల్లి నీ నోటితో అడుగు. బేగి ఎల్లు."

డాక్టరమ్మ నీలకంఠానికి గుమ్మంకేసి చెయ్యి చూపించింది.

సిటీబస్సులో కూర్మన్నపాలెం చేరేసరికి నీలకంఠం చొక్కా తడిసి ముద్దయింది. కొండలరావు అప్పుడే డ్యూటీ దిగి కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. ముందు జుట్టు కొంచెం నెరిసింది. నీలకంఠాన్ని చూసి కుళాయి కట్టేసి, అలాగే నిలబడ్డాడు.

"సిలకమ్మకి నెత్తురు కావాల. ఎవులదీ పడ్డం నేదు. నీదొక్కటే పడొచ్చంట" అన్నాడు నీలకంఠం, ఒక్క ఊపిరిలో.

కొండలరావు తడిచేతులు తుడుచుకున్నాడు. "నా కన్ను పడితే పిల్లడు సచ్చిపోనాడు గదా బావా. నా నెత్తురు పడితే అది బతుకుతాదేటి?" అన్నాడు.

వెటకారమనుకుని నీలకంఠం మొహం మాడ్చుకున్నాడు. కొండలరావు జవాబు కోసం చూసి, దండెం మీది చొక్కా తీసి తొడుక్కున్నాడు. "నీకోసం అడగడానికొస్తే ఈ గుమ్మం దిగకపోదును. పద" అన్నాడు. బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

వీర్రాజు కొండలరావు రక్తం కలిపి వెలుగుకి పట్టి చూసేడు. ఎర్రగా, నున్నగా కలిసింది. ఒక్క పలుకు లేదు. మళ్ళీ కలిపి చూసేడు. "పడింది! పడింది బావా!" అని గంతేసి నీలకంఠాన్ని కావిలించుకున్నాడు. నీలకంఠం కళ్ళల్లో నీళ్ళు తిరిగేయి. చిలకమ్మ బతుకుతుందన్న ఆనందం అందులో ఉంది. వాడిది ఎంత నున్నగా కలిసిపోయిందో, తనది ఎలా విరిగిపోయిందో, ఆ ఏడుపు కూడా అందులోనే ఉంది. ఏది ఎంతో వాడికే తెలీదు.

మర్నాడు ఆపరేషను చేసేరు. మగపిల్లాడు. కేక వినపడింది. తరవాత చిలకమ్మకి రక్తం ఆగలేదు. ముందురోజు తీసిన సీసా ఎక్కించేరు, అదీ చాలలేదు. "ఒక్కరి దగ్గరే వెంటవెంటనే ఇంకో సీసా తియ్యకూడదు" అంది డాక్టరమ్మ. కొండలరావు అప్పటికే బల్లెక్కి పడుకున్నాడు. "తియ్యండమ్మా. మా సెల్లి కంటే ఎక్కువేటి?" అన్నాడు. నీలకంఠం తలుపు దగ్గర నిలబడి, "నాది ఇంకోసారి సూడండమ్మా, ఒక్కసారి, పడతాదేమో" అని బతిమాలుతూనే ఉన్నాడు. ఎవరూ విననే లేదు. రెండో సీసా సగం ఎక్కేసరికి రక్తం ఆగింది. చిలకమ్మ దక్కింది.

ఇక మిగిలింది పిల్లాడు. నీలకంఠం ఆ గుడ్డపొత్తిలి పక్కనుంచి కదలలేదు. కళ్ళు, అరిచేతులు, పాదాలు వెలుగులోకి తిప్పి తిప్పి చూసేవాడు. సాయంత్రమైంది, పచ్చబడలేదు. తెల్లారింది, పచ్చబడలేదు. పిల్లాడు కాళ్ళు తన్నుకుంటూ పాలు తాగుతున్నాడు.

డాక్టరమ్మ పిలిచి నవ్వుతూ చెప్పింది. "వీడికి భయం లేదు నీలకంఠం. బొడ్డుతాడు రక్తం పరీక్ష చేశాం. వీడిది అచ్చం తల్లి రక్తమే, డి డాష్ డాష్. అందుకే తల్లి ఒళ్ళు వీణ్ణి ఏమీ చెయ్యలేదు."

పిల్లాడు బతికేడన్న మాట చెవినపడ్డా సరే, నీలకంఠం బుద్ధి నీలకంఠానిదే. "ఈడిది కూడా ఆళ్ళ నెత్తురేనేటమ్మా? నా కొడుక్కి నాది ఒక్క సుక్క కూడా రానేదా?"

"ఎందుకు రాలేదు? సగం నీదే. తల్లి ఒక్కతే ఇస్తే ఇలాంటి రక్తం రాదయ్యా. నీకు మీ అమ్మ నుంచి ఒక భాగం, మీ నాన్న నుంచి ఒక భాగం వచ్చాయి. ఒకదాంట్లో గుర్తులన్నీ ఉన్నాయి, రెండోదాంట్లో గీతలే. గుర్తులున్నది పైకి కనిపిస్తుంది, గీతలున్నది దాని చాటున ఉండిపోతుంది. మీ అమ్మా, చిలకమ్మ తండ్రీ ఒక తల్లి బిడ్డలు కదా, నీకు అక్కణ్ణించే వచ్చుంటుంది. ఈ పిల్లాడికి నువ్వు ఆ గీతలున్న భాగం ఇచ్చావు. నువ్వివ్వబట్టే బతికాడు."

"నా దగ్గరా ఉందన్నమాట!" నీలకంఠం ఉబ్బి తబ్బిబ్బయ్యేడు. కొండలరావు ఇచ్చింది సీసాడో రెండు సీసాలో, తను ఇచ్చింది పుట్టుకలోనే ఇచ్చేడు. ఈ మాట కొండలరావుకి ఎప్పుడు చెప్దామా అని కాళ్ళు లాగేశాయి. గుమ్మం దాకా వెళ్ళి ఆగేడు. వెనక్కి తిరిగేడు.

"మరి ఆ పోయిన ఇద్దరికీ ఏటిచ్చినానమ్మా?"

డాక్టరమ్మ వాణ్ణి మళ్ళీ దగ్గరికి పిలిచింది. "గుర్తులున్న రక్తమే ఇచ్చావు. మీ గౌరికీ అదే ఇచ్చావు. ఆ మొదటి కాన్పులో పిల్ల రక్తం కాస్త తల్లి ఒంట్లో కలిసి ఉంటుంది. అప్పుడే దానికి విరుగుడు తయారైపోయింది. గౌరి అప్పటికే పుట్టేసింది కనక బతికిపోయింది. ఆ విరుగుడు తరవాతి ఇద్దరిమీదా పడింది. లోపల రక్తం విరిగిపోతే పిల్లలు పచ్చగా అయిపోతారు, ఇంకా ముదిరితే ఒళ్ళంతా నీరు పడుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు, మనసులో పెట్టుకోకు." మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు, "అన్నట్టు ఈ పిల్లాడికి ఎప్పుడు రక్తం అవసరమైనా ఇవ్వగలిగింది తల్లి, లేకపోతే ఆ మేనమామ. మాకు తెలిసి ఈ ఊళ్ళో మూడోవాళ్ళు లేరు. ఆయన్ని జాగ్రత్తగా చూసుకోండి" అంది.

అంటే ఇకనుంచి కొండలరావుకి జలుబు చేసినా నీలకంఠానికి గుబులే. ఇంకో రోజైతే ఆ మాటకి నీలకంఠం మూడు రోజులు అన్నం మానేసేవాడు. ఇప్పుడు వాడికి అది పట్టనే లేదు. పసుపు రంగు పిల్లాడొక్కడే కళ్ళముందు ఆడుతున్నాడు.

కొండలరావు వసారాలో బల్ల మీద కళ్ళు తిరిగి పడుకుని ఉన్నాడు. నీలకంఠం వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. బల్ల అంచు గోకేడు.

"బావా. ఆ పిల్లడు నీ కన్ను పడి పోనేదు."

కొండలరావు లేచి కూర్చున్నాడు. "మరేటి?"

"నా నెత్తురు. నా నెత్తురు పడక పోనాడు. ఆ తరవాతదీ అంతే. డాక్టరమ్మ ఇప్పుడే సెప్పింది."

తిడతాడనుకున్నాడు. లాగి ఒక్కటిస్తాడని కూడా అనుకున్నాడు, తినడానికి సిద్ధంగానే కూర్చున్నాడు. కొండలరావు రెండు చేతులతో మొహం కప్పేసుకుని భోరుమన్నాడు. అంత మనిషి ఏడుస్తుంటే వసారాలో జనం ఆగి చూసేరు.

"నిజమేననుకున్నాను బావా" అన్నాడు వెక్కుతూ. "నా కన్ను మంచిది కాదనే అనుకున్నాను. ఆ నాటి నుంచి ఎవుళ్ళ పిల్లనీ ఎత్తుకోనేదు. వీధిలో పిల్లా గుంటా ఎదురొస్తే తల దించుకుని ఎల్లిపోతాను. నిన్నటి నుంచీ ఇక్కడే ఉన్నాను, నీ కొడుకుని సూడనేదు. సూస్తే ఏటవుతాదోనని."

నీలకంఠానికి తల తిరిగిపోయింది. కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకుని, స్టీలు ప్లాంటు జీతం తీసుకుని, వాడు రాజాలా బతుకుతున్నాడనే ఇన్నాళ్ళూ కుమిలిపోయేడు. తను విసిరిన ఒక్క మాట మోసుకుని వాడు ఇలా బతికేడని కల్లో కూడా అనుకోలేదు. "లే బావా, లే" అని చెయ్యి పట్టుకుని లేపేడు. "రా, పిల్లణ్ణి సూద్దువు గాని."

"నాను ఒక్కణ్ణీ సూడను. నువ్వు పక్కనుండు."

ఇద్దరూ లోపలికి వెళ్ళేరు. కొండలరావు గుమ్మం దగ్గరే నిలబడి తన కాళ్ళకేసి చూసుకుంటున్నాడు. మంచం మీద చిలకమ్మ కళ్ళు తెరిచింది. "అన్నా" అంది. అని నవ్వింది. ఆ నవ్వు నీలకంఠం ఎన్నేళ్ళయిందో చూసి. ఇంతకాలం తర్వాత వచ్చింది, వచ్చీ వాడి పక్కనున్న మనిషి కోసం వచ్చింది. కడుపులో భగ్గుమంది, ఎప్పటిలాగే. ఆ మంట అలా మండుతుండగానే నీలకంఠం కొండలరావు వీపు మీద చెయ్యేసి మంచం వైపు తోసేడు.

"దగ్గరికెల్లి సూడు బావా," అన్నాడు, "కళ్ళారా సూడు."